మిల్లు కాంటా దగ్గర పని, తరుగు ఎక్కువ రాయమంటున్నారు: ఎలా కాదనాలి?

అన్నలకు, అక్కలకు వందనాలు. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఒక రైస్ మిల్లులో కాంటా గుమాస్తాగా కొత్తగా చేరాను. పోయిన ఏడాదే బాప్తిస్మం తీసుకున్నాను, ఇంట్లో నేనొక్కడినే విశ్వాసిని.

యాసంగి వడ్లు రావడం మొదలయ్యాయి. తేమ 17 శాతం లోపే ఉన్నా, తాలు ఉందని చెప్పి 40 కిలోల బస్తాకు కిలోన్నర తరుగు (తూకంలో కోత) రాయమని మేనేజర్ అంటున్నాడు. మిషన్‌లో తేమ 16 చూపిస్తున్నప్పుడు రైతు కూడా పక్కనే నిలబడి చూస్తుంటాడు. ఆయన ముందు ఆ తరుగు ఎలా రాయాలి? వచ్చేవాళ్లలో సగం మంది మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే.

దొంగ త్రాసు దేవునికి అసహ్యమని సామెతలు 11:1లో ఉంది, అందులో నాకు అనుమానం లేదు. లూకా 3:13లో బాప్తిస్మమిచ్చే యోహాను సుంకరులను (పన్ను వసూలు చేసేవాళ్లను) పని మానేయమనలేదు, నిర్ణయించిన దానికన్నా ఎక్కువ తీసుకోవద్దన్నాడు. అంటే ఉద్యోగంలో ఉంటూనే నిజాయితీగా ఉండొచ్చా? నాకు తెగడం లేదు.

పాస్టర్ గారు ప్రార్థన చేయమన్నారు. చేస్తున్నాను. కానీ సోమవారం పొద్దున మేనేజర్‌తో ఏ మాట అనాలో కూడా కావాలి కదా! అమ్మేమో ఇంకో పని దొరికాకే మాట్లాడు అంటోంది, బండి కిస్తీలు ఉన్నాయి.

మిల్లుల్లో, మార్కెట్ యార్డుల్లో పనిచేసే విశ్వాసులు ఎవరైనా ఉంటే చెప్పండి. మేనేజర్‌తో గొడవ కాకుండా ఎలా చెప్పారు? నేరుగా ఓనర్‌నే కలవడం మంచిదా? చెప్పాక పని నిలిచిందా, పోయిందా?