లాగిన్ లేకుండా దూరం నుంచే దాడి: ఈఆర్‌పీ ప్యాచ్‌ను క్లోజింగ్ అయ్యేదాకా ఆపవచ్చా?

ప్రశ్న:
నేను ఒరాకిల్ ఈ-బిజినెస్ సూట్ 12.2 (కంపెనీ లెక్కలు, కొనుగోళ్ళు నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్) చూసుకునే చిన్న టీమ్‌లో పని చేస్తున్నాను. మూడు నెలలకోసారి వచ్చే సెక్యూరిటీ ప్యాచ్‌ల పట్టికలో మేం వాడే మాడ్యూళ్ళు కొన్ని ఉన్నాయి. "లాగిన్ లేకుండా రిమోట్‌గా దాడి చేయవచ్చా" అన్న గడిలో వాటికి ఎదురుగా "అవును" అని ఉంది. ఫైనాన్స్ వాళ్ళు క్లోజింగ్ (ఖాతాల ముగింపు) పనిలో ఉన్నారు, మూడు వారాల దాకా డౌన్‌టైమ్ మాట ఎత్తవద్దన్నారు. మా మేనేజర్ గారేమో "సర్వర్ ఫైర్‌వాల్ వెనకే ఉంది కదా, రిమోట్ అంటే బయటివాళ్ళ సంగతి" అంటున్నారు. సప్లయర్లు ఇన్‌వాయిస్‌లు పెట్టుకునే పోర్టల్ మాత్రం ఇంటర్నెట్‌కి తెరిచే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఆగవచ్చా? కుదరదంటే పైవాళ్ళకి ఏమని చెప్పాలి?

జవాబు 1:
ముందు "రిమోట్" అనే మాట దగ్గర పొరపాటు జరుగుతోందండీ. ఆ పట్టికలో రిమోట్ అంటే వేరే దేశం నుంచి అని కాదు, నెట్‌వర్క్ మీదుగా అని. మీ ఆఫీసులో ఒకరి ల్యాప్‌టాప్‌కి వైరస్ పట్టిందనుకోండి. ఆ ల్యాప్‌టాప్ నుంచి ఈఆర్‌పీ లాగిన్ పేజీ తెరుచుకుంటుందంటే, దాడి చేసేవాడికి అంతే చాలు. ఫైర్‌వాల్ వెనక ఉన్నా వాడికి అది అందుబాటులోనే ఉన్నట్టు. 2021 డిసెంబర్‌లో లాగ్4జే (జావా ప్రోగ్రాములు లాగ్ రాసుకోవడానికి వాడే లైబ్రరీ) లోపం బయటపడినప్పుడు మేం కళ్ళారా చూశాం. బయటి సర్వర్‌కి వచ్చిన ఒక చిన్న వాక్యం లాగ్‌లో రాసుకుంటే, ఆ లాగ్‌ని చదివే లోపలి సర్వర్ కూడా చిక్కులో పడేది. ఆ లోపలి సర్వర్‌కి ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే పోర్ట్ ఒక్కటి కూడా తెరిచి ఉండనక్కర్లేదు.

పట్టికలో స్కోర్ (లోపం ఎంత తీవ్రమో పదికి ఇచ్చే అంకె) ఒక్కటే చూడకండి. పక్కన నాలుగు గడులుంటాయి: దాడి ఎటు నుంచి, ఎంత కష్టం, ఏ అధికారం కావాలి, వాడుకరి ఏమైనా నొక్కాలా. వరసగా "నెట్‌వర్క్, తక్కువ, ఏమీ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు" అని ఉంటే, ఆ వరస మీ పోర్టల్‌లో నడిచే కాంపొనెంట్‌దైతే, మూడు వారాలు ఆగే ప్రశ్నే లేదు. స్కోర్ 9 దాటినా మీరు ఇన్‌స్టాల్ చేయని మాడ్యూల్‌దైతే దాని కోసం ఈ రాత్రి మేలుకోనక్కర్లేదు.

మూడు వారాల గురించి పైవాళ్ళకి ఒక్క ఉదాహరణ చెప్పండి చాలు. 2020 అక్టోబర్ 20న వెబ్‌లాజిక్‌కి (ఒరాకిల్ అప్లికేషన్ సర్వర్‌కి) ప్యాచ్‌లు వచ్చాయి. అవి సరిచేసిన లోపాల్లో సీవీఈ-2020-14882 అనేది ఒకటి (సీవీఈ అంటే లోపానికి ఇచ్చే గుర్తింపు నంబర్), స్కోర్ 9.8. పది రోజులు తిరగకుండానే ఇంటర్నెట్‌లో దాని కోసం వెతుకులాట మొదలైంది. ప్యాచ్ బయటికొస్తే పాత ఫైల్‌ని, కొత్త ఫైల్‌ని పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూసుకునే వీలు దాడి చేసేవాళ్ళకీ ఉంటుంది. అందుకే ప్యాచ్ వచ్చిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది.

అన్నట్టు, చివరిసారి మీరు ప్యాచ్ ఎప్పుడు వేశారు? అది తెలియకుండా ముందుకు వెళ్ళలేం.

ప్రశ్న అడిగినవారు:
చూశానండీ. 2023 జూలై దగ్గర ఆగిపోయాం. నేను అప్పటికి ఈ టీమ్‌లో లేను.

జవాబు 1:
అయితే మేనేజర్ గారిని ఒప్పించడం తర్వాత. ముందు పోర్టల్‌ని ఇంటర్నెట్ నుంచి తీయించండి, ఈ రోజే. సప్లయర్లు రెండు మూడు రోజులు ఇన్‌వాయిస్‌లు మెయిల్‌లో పంపుకుంటారు, ఏమీ కాదు.

ఎందుకంటే, 2025 అక్టోబర్ 4న ఒరాకిల్ మూడు నెలల వాయిదాతో సంబంధం లేకుండా ఒక అత్యవసర హెచ్చరిక ఇచ్చింది. సీవీఈ-2025-61882, స్కోర్ 9.8, లాగిన్ అక్కర్లేదు. 12.2.3 నుంచి 12.2.14 దాకా అన్నిటికీ వర్తిస్తుంది. హెచ్చరిక రాకముందే, ఆగస్టు నుంచే దాన్ని వాడి డేటా ఎత్తుకెళ్ళారు. సెప్టెంబర్ చివర్లో పెద్ద పెద్ద కంపెనీల అధికారులకి "మీ డేటా మా దగ్గరుంది" అని బెదిరింపు మెయిళ్ళు వచ్చాకే లోకానికి తెలిసింది. సరిగ్గా వారానికి అక్టోబర్ 11న సీవీఈ-2025-61884 అని ఇంకొకటి.

మీకు ముఖ్యమైన మాట ఇది: 61882 ప్యాచ్ వేయాలంటే 2023 అక్టోబర్ క్వార్టర్ ప్యాచ్ ముందే వేసి ఉండాలి. మీరు దానికి ఒక్క అడుగు వెనక ఆగారు. అంటే ఆ ప్యాచ్ మీ సిస్టమ్‌లోకి ఇంకా ఎక్కనే లేదు. ఇన్నాళ్ళ బాకీ ఒక్కసారిగా తీర్చాల్సి వస్తుంది. ఇది మీ తప్పు కాదు, కానీ పైవాళ్ళకి చెప్పాల్సింది మాత్రం సరిగ్గా ఈ వాక్యమే.

జవాబు 2:
డౌన్‌టైమ్ గురించి నేను చెప్తాను, నేను డీబీఏని (డేటాబేస్ చూసుకునేవాణ్ణి). 12.2లో ప్యాచ్ వేస్తున్నంతసేపూ అప్లికేషన్ ఆపి కూర్చోనక్కర్లేదు. అడాప్‌లో (12.2లో ప్యాచ్ వేసే టూల్) ప్రిపేర్, అప్లై, ఫైనలైజ్ అనే దశలన్నీ రెండో ఫైల్ సిస్టమ్ మీద జరుగుతుంటే, ఫైనాన్స్ వాళ్ళు మొదటి దాని మీద పని చేసుకుంటూనే ఉంటారు. ఆపాల్సింది కటోవర్ దగ్గర, అంటే ప్యాచ్ వేసిన రెండో దాని మీదికి మారేటప్పుడు మాత్రమే. కాబట్టి "మూడు రోజులు ఆపండి" అని కాకుండా "ఫలానా రాత్రి కటోవర్‌కి ఇంత సమయం" అని అడగండి. ఆ సమయం ఎంతో ముందు టెస్ట్ ఇన్‌స్టెన్స్‌లో (పరీక్ష కోసం ఉంచుకునే కాపీలో) వేసి కొలుచుకోండి. మా పాత కంపెనీలో కొలవకుండా అంచనా చెప్పి, పొద్దున్న పదింటిదాకా యూజర్లకి తెరవలేకపోయాం. ఆ తర్వాత ఏడాది పాటు ఎవరూ మాకు డౌన్‌టైమ్ ఇవ్వలేదు.

ఇంకొకటి, అప్లికేషన్ ప్యాచ్ వేసి అయిపోయిందనుకోకండి. కింద ఉన్న డేటాబేస్‌కి, వెబ్‌లాజిక్‌కి వేరే ప్యాచ్‌లుంటాయి. ఈటీసీసీ అనే ఒరాకిల్ చెకర్‌లో రెండు స్క్రిప్టులుంటాయి, ఒకటి డేటాబేస్‌కి, ఒకటి అప్లికేషన్ వైపుకి. రెండూ నడిపితే ఏవి లేవో పేర్లతో సహా చెప్తుంది.

ప్రశ్న అడిగినవారు:
పోర్టల్ ఆపించాను. 2023 అక్టోబర్ సంగతి చెప్పేసరికి మేనేజర్ గారే నెట్‌వర్క్ టీమ్‌కి ఫోన్ చేశారు. ప్యాచ్ వేస్తే ఇక భయం లేనట్టేనా?

జవాబు 1:
లేదండీ, ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ప్యాచ్ ఇకపై రాబోయేవాణ్ణి ఆపుతుంది. ముందే వచ్చి కూర్చున్నవాణ్ణి లేపదు. 2025లో ఎస్ఏపీ (ఇంకో ఈఆర్‌పీ కంపెనీ) నెట్‌వీవర్ విజువల్ కంపోజర్ లోపం సీవీఈ-2025-31324, స్కోర్ 10, అప్పుడూ ఇదే జరిగింది. మొదట వచ్చినవాళ్ళు సర్వర్లో పెట్టిపోయిన వెబ్‌షెల్స్‌ని (బయటి నుంచి సర్వర్‌ని నడిపించే దొంగ పేజీల్ని) తర్వాత ఇంకెవరో వచ్చి వాడుకున్నారు. అదే ఏడాది జూలైలో మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్ సర్వర్ల నుంచి మెషీన్ కీలు (సర్వర్ తన డేటాని నిజమైనదని గుర్తుపట్టే రహస్య కీలు) ఎత్తుకెళ్ళారు. ఆ కీలు మార్చకపోతే ప్యాచ్ వేసినా వాళ్ళు మళ్ళీ లోపలికి రాగలరు.

మీ దాంట్లో ముందు చూడాల్సింది డేటాబేస్‌లోనే. 61882 దాడిలో చెడ్డ కోడ్‌ని బీఐ పబ్లిషర్ (రిపోర్టులు తయారుచేసే భాగం) టెంప్లేట్‌గా డేటాబేస్‌లో పెట్టి, ఆ టెంప్లేట్‌ని ప్రివ్యూ చేయించి నడిపించారు. ఆ తర్వాతదంతా మెమరీలోనే. డిస్క్ మీద ఫైల్ ఏమీ ఉండదు కాబట్టి యాంటీవైరస్ ఏమీ పట్టలేదంటే ఊరట పడకండి. ఎక్స్‌డీఓ టెంప్లేట్స్ బీ, ఎక్స్‌డీఓ లాబ్స్ అనే రెండు టేబుళ్ళని తయారైన తేదీ ప్రకారం కొత్తవి పైకి వచ్చేలా తీయండి. టెంప్లేట్ కోడ్ "టీఎంపీ" లేదా "డీఈఎఫ్" అక్షరాలతో మొదలై, మీ డెవలపర్లెవరూ "ఇది నాదే" అనకపోతే దాన్ని తుడిచేయకండి. అలాగే కాపీ తీసి ఉంచి, సెక్యూరిటీ వాళ్ళని పిలవండి.

ప్రశ్న అడిగినవారు:
క్వెరీ నడిపాను. అలాంటి వరస ఒక్కటీ లేదు. కానీ వెబ్ లాగ్‌లు ముప్ఫై రోజులవే ఉన్నాయి, అంతకు ముందువి వాటంతట అవే తుడిచిపెట్టుకుపోయాయి.

జవాబు 2:
లాగ్ లేకపోతే "ఎవరూ రాలేదు" అని రాయకండి, "ముప్ఫై రోజులకి ముందు చూడలేకపోయాం" అని రాయండి. నెట్‌వర్క్ టీమ్‌ని అడగండి, ఫైర్‌వాల్ లాగ్‌లు వాళ్ళు ఎక్కువ కాలం దాచి ఉండవచ్చు. అందులో మీ అప్లికేషన్ సర్వర్ నుంచి బయటికి వెళ్ళిన కనెక్షన్లే చూడండి, లోపలికి వచ్చినవి కాదు. ఈఆర్‌పీ సర్వర్‌కి బయట మాట్లాడాల్సినవి బ్యాంకు, ట్యాక్స్, మెయిల్ లాంటి నాలుగైదు చిరునామాలే. ఆరోది కనబడితే అదేమిటో తేలేదాకా వదలకండి. ఎలాగూ చూస్తున్నారు కాబట్టి, ఆ నాలుగైదు తప్ప మిగతావన్నీ ఈ రోజే మూయించండి. ఈ దాడిలో ఒక దారి, సర్వర్ తనే బయటికి వెళ్ళి దాడిదారుడి ఫైల్ తెచ్చుకోవడం. బయటికి వెళ్ళే దారి లేకపోతే అది అక్కడే ఆగుతుంది.

ప్యాచ్ అయ్యాక ఆప్స్ స్కీమా (అప్లికేషన్ డేటాబేస్‌లోకి వెళ్ళే ముఖ్య ఖాతా) పాస్‌వర్డ్ మార్చండి. పోర్టల్ మళ్ళీ తెరిచేటప్పుడు ఏ పేజీలు బయటికి కనబడాలో నియంత్రించే యూఆర్‌ఎల్ ఫైర్‌వాల్ ఆన్ చేసి, సప్లయర్లకి కావాల్సిన పేజీలు మాత్రమే అనుమతించండి. మిగతా మాడ్యూళ్ళ పేజీలు బయటివాళ్ళకి అందాల్సిన పనేం లేదు.

ప్రశ్న అడిగినవారు:
ఫైర్‌వాల్ లాగ్‌లు ఆరు నెలలవి ఉన్నాయట, తీయిస్తున్నాం. శనివారం రాత్రి కటోవర్‌కి ఫైనాన్స్ వాళ్ళు ఒప్పుకున్నారు. టెస్ట్‌లో ఇప్పుడే ప్రిపేర్ మొదలుపెట్టాను.