వ్యాన్‌లో 12 వోల్టుల ఫ్రిజ్ రాత్రిపూట ఆగిపోతోంది, వైరా కంప్రెసరా?

రిటైరయ్యాక మేమిద్దరం చలికాలమంతా వెచ్చటి చోట్ల వ్యాన్‌లోనే ఉంటాం, మావారి ఇన్సులిన్ ఆ ఫ్రిజ్‌లోనే పెట్టాలి, అందుకే చాలా కంగారుగా ఉందండీ. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం బ్యాటరీ, దాని దగ్గర మీటర్ పెడితే 13.1 వోల్టులు చూపిస్తోంది కానీ కంప్రెసర్ స్టార్టయినప్పుడు ఫ్రిజ్ సాకెట్ దగ్గర 10.8కి పడిపోయి లో వోల్టేజ్ ఎర్రర్ వస్తోంది. పగలు సోలార్ ఉన్నప్పుడు బానే నడుస్తుంది. ఫ్యూజ్ మార్చాం, సాకెట్ క్లీన్ చేశాం, ఫ్రిజ్‌లోని బ్యాటరీ ప్రొటెక్షన్‌ని (బ్యాటరీ మరీ దిగిపోకుండా ఫ్రిజ్‌ని ఆపేసేది) "లో" (Low) సెట్టింగ్‌లో పెడితే ఇంకాస్త సేపు నడిచి మళ్ళీ ఆగిపోతోంది, సిగరెట్ లైటర్ ప్లగ్ ముట్టుకుంటే వేడిగా ఉంటోంది. వైరు 1.5 స్క్వేర్ ఎంఎం, బ్యాటరీ నుంచి సుమారు 6 మీటర్లు. ఆ ప్లగ్ తీసేసి బ్యాటరీ నుంచి ఫ్యూజుతో నేరుగా 6 స్క్వేర్ ఎంఎం వైరు లాగితే సరిపోతుందా, లేక కంప్రెసరే పాడైందంటారా?