పాత పత్రికల్లో ‘ఇన్‌స్టంట్’: నెల పేరు మనమే వేసెయ్యాలా?

పాతకాగితం
18, 19 శతాబ్దాల ఇంగ్లీషు పత్రికల్లో ‘5వ ఇన్‌స్టంట్’ అని కనబడితే కాఫీ పొడి గుర్తు తెచ్చుకోకండి. ‘ఈ నెల 5’ అని అర్థం. లాటిన్‌లోని ‘ఇన్‌స్టాంటే మెన్సే’ నుంచి వచ్చింది. గత నెలకి ‘అల్టిమో’, వచ్చే నెలకి ‘ప్రాక్సిమో’. అచ్చులో ‘ఇన్‌స్ట్.’, ‘అల్ట్.’, ‘ప్రాక్స్.’ అని కుదించేవారు. తెలుగు చేసేటప్పుడు పత్రిక మీదున్న తేదీ చూసి నెల పేరు వేసేస్తే పోలా? ‘ఈ నెల’ అని వదిలేస్తే ఇవాళ చదివేవాడికి ఏ నెలని తెలుస్తుంది?

గెజిట్‌పురుగు
సరిగ్గా అక్కడే బోల్తా పడతారు. లెక్క పత్రిక తేదీ నుంచి కాదు, ఆ ముక్క రాసిన తేదీ నుంచి. ట్రఫాల్గర్ నౌకాయుద్ధం మీద బ్రిటిష్ నౌకాదళాధికారి కాలింగ్‌వుడ్ పంపిన లేఖే తీసుకోండి. బ్రిటిష్ ప్రభుత్వ పత్రిక లండన్ గెజిట్ ప్రత్యేక సంచికలో 1805 నవంబరు 6న అచ్చయింది. అందులో శత్రు నౌకలు స్పెయిన్‌లోని కాడిజ్ రేవు నుంచి బయల్దేరిన కబురు ‘19వ ఇన్‌స్టంట్’న అందిందనీ, యుద్ధం ‘సోమవారం, 21వ ఇన్‌స్టంట్’ అనీ ఉంది. మీ పద్ధతిలో అయితే నవంబరు 21. అంటే పత్రిక వచ్చాక పదిహేను రోజులకి జరగబోయే యుద్ధం! లేఖ మీది తేదీ అక్టోబరు 22, కాబట్టి అది అక్టోబరు 21.

పాతకాగితం
ఒప్పుకున్నా, లేఖలకి ఆ తేడా ఉంది. కానీ వేలం ప్రకటనలు, స్థానిక వార్తలు పత్రికవాళ్లు సొంతంగా వేసుకున్నవే. వాటికి పత్రిక తేదీయే చాలు.

తిథివారం
చాలా వరకు చాలు. అయితే నెల మొదటి వారం సంచికల దగ్గర జాగ్రత్త. నెలాఖరున అందిన ప్రకటనని అలాగే ఒకటో తారీఖు తర్వాత కూడా వేస్తే ‘ఇన్‌స్టంట్’ పాత నెలకే చెందుతుంది. జనవరి సంచికలో ‘28వ అల్ట్.’ అంటే డిసెంబరే కాదు, ఏడాది కూడా వెనక్కి పోతుంది. ఇక్కడ నెల సరిగ్గానే వేసి సంవత్సరం తప్పు వేస్తారు.

‘ఈ నెల’ అనే మాటకి నా ఓటు. మన దినపత్రికలు ఇప్పటికీ ‘ఈ నెల 12న’ అనే రాస్తాయి, అచ్చంగా అదే పలుకుబడి. పక్కన చదరపు కుండలీకరణం పెట్టి ‘ఈ నెల [అక్టోబరు 1805] 19న’ అని ఇస్తే మూలమూ ఉంటుంది, లెక్కా ఉంటుంది. రేపు ఆ లెక్క తప్పని తేలినా దిద్దుకోవచ్చు. మీరు నెల పేరు ఒక్కటే వేస్తే అది మూలంలో ఉందో మీరు కట్టారో ఎవరికీ తెలీదు.

పాతకాగితం
ఒక కాలమ్‌లో పది ప్రకటనలుంటే పది కుండలీకరణాలా? కంటికి అడ్డం. ప్రతి అంశంలో మొదటిసారికి మాత్రం పెడదాం.

కోర్టుగుమాస్తా
అర్థం దగ్గర ఒక మాట. ఈ పాత వాడుక మన హైకోర్టు తీర్పుల్లో ఇంకా బతికే ఉంది. ‘ఇన్‌స్టంట్ కేసు’ అంటే ప్రస్తుత కేసు. ‘తక్షణ కేసు’ అని తెలుగు చేస్తే చెడినట్టే.

గెజిట్‌పురుగు
వెతకడం గురించి కూడా. 1800కి ముందు అచ్చులో మాట మధ్య వచ్చే ‘ఎస్’ పొడుగ్గా ‘ఎఫ్’లా ఉండేది. స్కాన్ చేసిన ప్రతిని యంత్రం ‘ఇన్‌ఫ్ట్’ అని చదువుతుంది. ‘ఇన్‌స్ట్’ ఒక్కటే వెతికి ‘ఏమీ లేదు’ అనుకోవద్దు.

పాతకాగితం
సరే, వేరే పత్రిక నుంచి ఎత్తి వేసిన ముక్కకి పైన ఊరు, తేదీ కూడా లేకపోతే?

తిథివారం
ముందు చివర సంతకం పక్కన చూడండి, కొందరు తేదీ అక్కడ వేసేవారు. అదీ లేకపోతే వారం పట్టుకోండి. ‘సోమవారం 21’ అన్నది 1805 అక్టోబరుకి కుదురుతుంది. అదే నవంబరులో 21 గురువారం, ఎందుకంటే 31 రోజుల నెల దాటితే వారం మూడు రోజులు జరుగుతుంది, 30 అయితే రెండు. లీపు కాని ఏడాదిలో ఫిబ్రవరి, మార్చి వారాలు ఒకేలా పడతాయి కాబట్టి ఆ జంట దగ్గర మాత్రం ఈ పరీక్ష పనిచెయ్యదు. అప్పుడు ‘[ఫిబ్రవరి లేదా మార్చి]’ అని రాసి ఊరుకోవడమే.