కచేరీ ఫోటోల నుంచి మ్యూజిక్ వీడియో డైరెక్షన్‌కి: మొదటి షూట్ ముందు ఏం చూసుకోవాలి?

పిట్‌కెమెరా:
స్టేజ్ ఫోటోగ్రఫీ వచ్చు. మొదటి మూడు పాటలప్పుడే ఫోటోలు, ఫ్లాష్ వద్దు అనే నియమంలో లెన్స్ ఎఫ్/2.8కి తెరిచి, ఐఎస్ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) 3200 దగ్గర నెట్టుకురావడం అలవాటే. ఇప్పుడొక బ్యాండ్ 4 నిమిషాల పాటకి వీడియో అడుగుతోంది. ఒక్కరోజు షూట్, సెకనుకి 25 ఫ్రేముల ప్రాజెక్ట్. సగం వీడియో స్లో మోషన్‌లో ఉండాలట, పెదాలు మాత్రం పాటకి కలవాలట. అదెలా చేస్తారు? స్టేజ్ ఎల్‌ఈడీ లైట్ల కింద చారలు రాకుండా ఏం చేయాలి? కాగితాల మీద ఏం రాయించుకోవాలి?

డబుల్‌స్పీడ్:
స్లో మోషన్ సంగతి చెప్తాను. కెమెరా ఎన్ని రెట్లు ఎక్కువ ఫ్రేములు తీస్తుందో, సెట్‌లో పాట అన్ని రెట్లు వేగంగా మోగాలి. 50 ఫ్రేముల్లో తీస్తే పాట 200 శాతం వేగంతో, అంటే 4 నిమిషాలది 2 నిమిషాల్లో అయిపోతుంది. ఎడిట్‌లో 25కి దింపగానే నోరు అసలు పాటకి కలుస్తుంది, జుట్టూ బట్టలూ మాత్రం తేలుతుంటాయి. వేగం పెంచేటప్పుడు పిచ్ (శ్రుతి) మారకుండా సాగదీసే సాఫ్ట్‌వేర్ వాడండి, లేకపోతే కీచుగొంతు విని గాయకుడికి నవ్వొస్తుంది. ఆ ఫైల్ వాళ్లకి కనీసం వారం ముందే పంపాలి. మాటలు దట్టంగా ఉన్న చరణం రెట్టింపు వేగంలో ఎవరికీ నోరు తిరగదు. అలాంటి చోట 150 శాతం చాలు, కెమెరా 37.5 ఫ్రేములు.

ఇంకో చిక్కు: చాలా కెమెరాలు స్లో మోషన్ మోడ్‌లో ఆడియో రికార్డ్ చేయవు. తర్వాత సింక్ చేయడానికి ఆధారం ఉండదు. అందుకని పాటకి టైమ్‌కోడ్ అంకెలు (పాటలో ఎక్కడున్నామో చూపే సమయం) తెర మీద కనిపించే వీడియో ఫైల్ తయారుచేసి, దాన్ని కూడా 200 శాతానికి పెంచి, ట్యాబ్లెట్‌లో ప్లే చేయండి. సెట్‌లో మోగేది కూడా ఆ ఫైల్ నుంచే రావాలి. ప్రతి టేక్ మొదట్లో ట్యాబ్లెట్‌ని రెండు క్షణాలు ఫ్రేములో చూపించండి. ఫుటేజ్ 25కి దిగాక అందులో కనిపించేది పాటలోని అసలు సమయమే, నేరుగా ఆ చోట పెట్టేయొచ్చు.

పిట్‌కెమెరా:
నా కెమెరాలో 37.5 లేదండి. 25, 50, 100 మాత్రమే.

డబుల్‌స్పీడ్:
అయితే ఆ చరణం మామూలు వేగంలో తీసి, పల్లవీ వాద్యాలూ 50లో తీయండి. 50లో తీసినదాన్ని ఎడిట్‌లో సాగదీసి 37.5 లాగా నడిపిస్తే కదలిక కుదుపుగా వస్తుంది, పెదాల దగ్గర అది ముందే దొరికిపోతుంది.

లైటుబోర్డు:
చారల గురించి. 50 హెర్ట్జ్ కరెంటున్న చోట మామూలు లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, కాబట్టి 25 ఫ్రేములకి 1/50 సెకను, 50 ఫ్రేములకి 1/100 సెకను షట్టర్ సరిపోతుంది. ఎవరైనా 24 ఫ్రేములే కావాలంటే షట్టర్ కోణం (షట్టర్ వేగాన్నే డిగ్రీల్లో చెప్పే పద్ధతి) 172.8 డిగ్రీలు పెట్టండి, అదీ 1/50కే వస్తుంది.

కానీ స్టేజ్ ఎల్‌ఈడీలకి ఈ లెక్క చాలదు. చాలావాటిని మసక చేస్తే లోపల దీపం అతివేగంగా ఆరి వెలుగుతుంటుంది, ఆ వేగానికి కరెంటుతో సంబంధం ఉండదు. లైటింగ్ ఆపరేటర్‌ని దీపాలు 100 శాతంలో ఉంచమనండి. కాంతి ఎక్కువైతే ఐఎస్ఓ తగ్గించుకోండి, లేదా లెన్స్‌కి కాంతిని తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేయండి. కొన్ని దీపాల మెనూలో ఆ ఫ్రీక్వెన్సీ పెంచే సెట్టింగ్ ఉంటుంది. కెమెరాలో షట్టర్‌ని సన్నసన్నగా మార్చే సదుపాయం ఉంటే చారలు ఆగేదాకా తిప్పండి. వెనకాల ఎల్‌ఈడీ తెర ఉంటే టెస్ట్ షాట్ తీసి పెద్ద మానిటర్‌లో చూడనిదే మొదలుపెట్టొద్దు. కెమెరా చిన్న తెర మీద చారలు కనపడవు.

ఎరుపు, నీలం దీపాల కింద మొహం మీద వివరాలు చచ్చిపోవడం ఫోటోల్లో చూసే ఉంటారు. రా ఫైల్ (కెమెరా కుదించకుండా దాచే ఫోటో) కాస్త కాపాడుతుంది, వీడియోలో ఆ ఊరట తక్కువ. మొత్తం హిస్టోగ్రామ్ (వెలుగు పంపిణీ చూపే గ్రాఫ్) కాకుండా ఆర్‌జీబీ, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూసి, ఎక్స్‌పోజర్ అర నుంచి ఒక స్టాప్ (ఒక స్టాప్ అంటే కాంతి సగానికి) తగ్గించండి. మొహానికి పక్క నుంచి ఒక తెల్ల దీపం ఇప్పించుకుంటే సగం బాధ పోతుంది.

కట్‌పాయింట్:
ఫోటోగ్రాఫర్లు చేసే పొరపాటు ఇంకోటుంది. మంచి ఫ్రేమ్ దొరకగానే కట్ అనేస్తారు. ఎడిట్‌లో చూస్తే ఆరు సెకన్ల అందం ఉంటుంది, దానికి ముందూ వెనకా ఏమీ ఉండదు. వైడ్, మిడ్, క్లోజప్ మూడూ పాట మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా తీయండి. తర్వాతే చేతులు, తీగలు, డ్రమ్ కర్రలు లాంటి ముక్కలు. పాట 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు) అయితే నాలుగు బీట్ల బార్‌కి సరిగ్గా 2 సెకన్లు, 50 ఫ్రేములు. షాట్ లిస్ట్ బార్ల లెక్కన రాసుకుంటే ఎడిట్‌లో తడుముకోవక్కర్లేదు. కట్ ఒకటి రెండు ఫ్రేములు బీట్ కంటే ముందు పడితేనే బీట్ మీద పడ్డట్టు అనిపిస్తుంది.

మీరు వెళ్తున్నది పాత దారేలెండి. పాప్ గాయని మడోన్నాకి 1986లో ఆల్బమ్ కవర్ తీసిన ఫోటోగ్రాఫర్ హెర్బ్ రిట్స్ 1989లో ఆమె వీడియో డైరెక్ట్ చేశాడు. 1979లో జాయ్ డివిజన్ బ్యాండ్‌ని ఫోటో తీసిన ఆంటన్ కార్బైన్ 1986 నుంచి డెపెష్ మోడ్ బ్యాండ్ వీడియోలు చేస్తూ వచ్చి, 2007లో ఆ జాయ్ డివిజన్ గాయకుడి జీవితం మీదే మొదటి సినిమా తీశాడు. ఇద్దరినీ పిలిచింది కెమెరా పరిజ్ఞానం చూసి అనుకోను, ఫోటోల్లో ఉన్న చూపు కోసం. కాబట్టి ట్రీట్‌మెంట్ (వీడియో ఎలా ఉండబోతుందో బ్యాండ్‌కి చూపే ప్రతిపాదన) రాసేటప్పుడు ఇంటర్నెట్‌లో ఏరిన చిత్రాలు నింపకండి, మీ ఫోటోలే పెట్టండి.

కాగితాలు:
వీడియో హక్కులు మామూలుగా డబ్బు పెట్టినవాళ్లకే పోతాయి, దాని మీద పోట్లాట అనవసరం. కానీ మీ షోరీల్‌లో (మీ పని చూపించే వీడియోలో) పాటతో సహా వాడుకునే అనుమతి రాతలో తీసుకోండి. పాట హక్కు వేరేవాళ్లది, బ్యాండ్ నోటిమాట చాలదు. సగం డబ్బు షూట్ ముందు, మిగతాది మాస్టర్ ఫైల్ ఇచ్చేముందు. మార్పులు రెండు విడతలే అని రాయండి. ఎడిట్ ఖరారయ్యాకే కలర్ గ్రేడింగ్ (రంగులు సరిదిద్దడం) అని కూడా రాయండి, లేకపోతే గ్రేడ్ అయ్యాక షాట్ మార్చమంటారు.

సెట్‌లో తీసే స్టిల్స్ వేరే ఒప్పందం. ఎక్కడ, ఎంతకాలం వాడతారో ఒక్కో వాడకం పేరు పెట్టి రాయాలి. పబ్లిసిటీకి ఇచ్చిన ఫోటో టీషర్ట్ మీద తేలితే అడగడానికి ఆ వాక్యమే దిక్కు.

పిట్‌కెమెరా:
ఆ స్టిల్స్ వీడియో నుంచే ఫ్రేములు తీసిచ్చేస్తే?

కాగితాలు:
1/50లో తీసిన ఫ్రేములో కదిలే చేయి మసకగా ఉంటుంది, 4కే అయితే ఫ్రేమ్ 8 మెగాపిక్సెళ్లే. వెబ్‌కి నడుస్తుంది, పోస్టర్‌కి నడవదు. టేకుల మధ్య పది నిమిషాలు స్టిల్స్‌కని షెడ్యూల్‌లోనే పెట్టుకోండి.