1953 తరువాత బళ్ళారి లోక్‌సభ స్థానం ఏ రాష్ట్రం లెక్కలోకి వచ్చింది?

మొదటి లోక్‌సభ (1952 మే 13న తొలి సమావేశం, 1957 ఏప్రిల్ 4న రద్దు) పదవీకాలం మధ్యలో రాష్ట్రాల సరిహద్దులు మారినప్పుడు సభ్యుల లెక్క ఎలా మారిందో పట్టిక వేస్తున్నాను. ఒక్క స్థానం దగ్గర ఆగిపోయాను.

1952 ఎన్నికలలో బళ్ళారి మద్రాసు రాష్ట్రంలోని స్థానం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు రాగా, బళ్ళారి పట్టణంతో సహా మిగిలిన తాలూకాలు మైసూరుకు వెళ్ళాయి. అంటే ఒకే జిల్లా ఓటర్లు సభ కొనసాగుతుండగానే రెండు రాష్ట్రాలవారయ్యారు. ఈ చీలిక నాకు చాలా ముఖ్యమైనదిగా తోస్తోంది, ఎందుకంటే దీనిపై ఆధారపడి ఆంధ్ర, మైసూరు సభ్యుల సంఖ్యలు రెండూ మారతాయి.

ఎన్నికల ఫలితాల పట్టిక మద్రాసు అనే చెబుతుంది, అది 1952 నాటిది కనుక సహజమే. గ్రంథాలయంలో దొరికిన పాత సభ్యుల జాబితాలో ‘మద్రాసు’ను పెన్సిలుతో కొట్టివేసి, పక్కన ‘మైసూరు’ అని ఎవరో రాశారు కానీ, తేదీ గానీ ఆధారం గానీ లేదు. 1953 నాటి ఆంధ్ర రాష్ట్ర చట్టం నకలు సంపాదించాను. అందులో అనుబంధాల పుటలు లేవు. ఆ కాలపు చర్చల సంపుటాల సూచికలు రెండు రోజులు వెతికినా ప్రస్తావన కనిపించలేదు.

1953 అక్టోబరు 1 నుంచి సభ రద్దయ్యే వరకు బళ్ళారి సభ్యుణ్ణి అధికారికంగా ఏ రాష్ట్ర ప్రతినిధిగా లెక్కించారో తేల్చే చట్ట నిబంధన లేదా అధికార పత్రం ఏది?