అప్‌డేట్: మధురవాడ ఫ్లాట్, లాయర్ ఖర్చులకి ఎంత పక్కన పెట్టుకోవాలి?

విశాఖ మధురవాడలో మొదటి ఫ్లాట్ కొంటున్నాం, లీగల్ ఖర్చులకి ఎంత ఉంచుకోవాలి అని మూడు నెలల క్రితం అడిగాను. పోయిన గురువారం రిజిస్ట్రేషన్ అయిపోయింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చిన సలహా: బ్యాంకు లాయర్ చూస్తారు కదా అని ఊరుకోకుండా సొంత లాయర్‌కి కాగితాలు చూపించమన్నది. ఆయన 8 వేలు తీసుకుని 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు) ముందేసుకుని కూర్చున్నారు. 2009 నాటి సేల్ డీడ్‌లో సర్వే నంబరు చివర 2 బదులు 3 పడింది! దాన్ని సరిచేయడానికి పాత ఓనరు సంతకం కావాలి, ఆయన దగ్గర్లోని గాజువాకలోనే ఉండబట్టి సరిపోయింది. సవరణ దస్తావేజు రాయించాకే ముందుకెళ్లాం, ఆ ఖర్చు అమ్మినవాళ్లే పెట్టుకున్నారు.

నేను అంత టెన్షన్ పడిన లాయర్ ఫీజు అసలు లెక్కలోకే రాలేదు. పెద్ద దెబ్బ స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి ఫ్లాట్ విలువలో 7.5 శాతం. లోన్ కోసం టైటిల్ డీడ్ (ఇంటి యాజమాన్య దస్తావేజు) బ్యాంకులో హామీగా డిపాజిట్ చేసే ఖర్చు, బ్యాంకు వసూలు చేసే లీగల్ ఫీజు మాత్రం నా బడ్జెట్‌లో లేనే లేవు. అక్కడ చేబదులు తీసుకోవాల్సి వచ్చింది.

బ్రోకర్ 'ఆఫీసు ఖర్చులు' అంటూ అడిగిన 15 వేలకి రసీదు అడిగాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.