పుట్టుమచ్చల మోడల్‌కు 90 శాతం వచ్చింది, ఊళ్లో వైద్య శిబిరంలో వాడవచ్చా?

కాకినాడ ఫైనలియర్:
నమస్కారం. బీటెక్ నాలుగో ఏడాది ప్రాజెక్టుగా ముగ్గురం కలిసి ఫొటో చూసి చర్మ క్యాన్సర్‌ను గుర్తించే కంప్యూటర్ మోడల్ చేశాం. హామ్10000 అనే చర్మపు మచ్చల ఫొటోల డేటాలోని 10,015 చిత్రాలు, ఏడు రకాల మచ్చలు, రెస్‌నెట్ అనే చిత్రాలను గుర్తించే నెట్‌వర్క్. అయిదో వంతు చిత్రాలను పరీక్షకు పక్కన పెడితే 90 శాతం సరిగ్గా చెప్పింది. సంక్రాంతి తర్వాత మా ఊళ్లో జరిగే వైద్య శిబిరంలో ఫోనులో పెట్టి వాడమని గైడు గారు అంటున్నారు. మా నాయనమ్మ అరికాలి మీది నల్లమచ్చను ఫొటో తీసి ఇస్తే 'పుట్టుమచ్చ, 97 శాతం' అని వచ్చింది. ఆవిడ ఊపిరి పీల్చుకుంది. శిబిరానికి ముందు ఇంకేం సరిచూసుకోవాలి?

లెక్కల మాస్టారు:
రెండు విషయాలు. ఆ డేటాలో 6,705 చిత్రాలు మామూలు పుట్టుమచ్చలవే. కళ్లు మూసుకుని అన్నిటికీ 'పుట్టుమచ్చ' అన్నా 67 శాతం వస్తుంది. మెలనోమాలు, అంటే ప్రాణం మీదికి తెచ్చే నల్లమచ్చ క్యాన్సర్లు, 1,113. వాటిలో ఎన్నింటిని పట్టుకుందో, ఎన్నింటిని వదిలేసిందో చెప్పండి, 90 సంగతి తర్వాత చూద్దాం. రెండోది, 10,015 చిత్రాలున్నా మచ్చలు 7,470 మాత్రమే. కొన్ని మచ్చలకు ఒకటి కంటే ఎక్కువ ఫొటోలున్నాయి. చిత్రాలవారీగా విడదీసి ఉంటే, మోడల్ నేర్చుకునేటప్పుడు చూసిన మచ్చే పరీక్షలోనూ వచ్చి ఉంటుంది. మచ్చ ఐడీని బట్టి విడదీయండి, అంకె దిగుతుంది.

చర్మం ఓపీ:
ముందు మీ నాయనమ్మగారి సంగతి. ఆవిడకు ఇచ్చిన భరోసా వెనక్కి తీసుకుని, ఈ వారంలోనే చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. భయపెట్టడానికి కాదు, అరికాలి మచ్చల్లో చాలావాటితో ఏ ప్రమాదమూ ఉండదు. కానీ మన ఒంటి రంగువాళ్లకు మెలనోమా అరుదుగా వచ్చినా, వచ్చేది ఎక్కువగా అరికాలిలో, అరచేతిలో, గోటి కింద. మచ్చ ఎప్పుడు మొదలైంది, పెరుగుతోందా, అంచులు వంకరటింకరగా ఉన్నాయా, రక్తం వస్తోందా, ఇవి అడగండి.

నేను ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ చూస్తాను. ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కించుకుని, పసరు పూసుకుని, పుండు పడ్డాక వస్తారు. గోరు నల్లబడితే రాయి తగిలిందంటారు. రాయి దెబ్బకు గడ్డకట్టిన రక్తమైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది. జరగకుండా వెడల్పవుతూ, గోటి మొదట్లో చర్మం కూడా నల్లబడుతుంటే ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే. గాయకుడు బాబ్ మార్లీ 1981లో 36 ఏళ్లకే పోయింది కాలి బొటనవేలి గోటి కింద మొదలైన మెలనోమాతోనే. దాన్ని కూడా మొదట ఫుట్‌బాల్ దెబ్బే అనుకున్నారు.

ఇక మీ మోడల్. అది చదువుకున్న చిత్రాలు ఆస్ట్రియాలోని వియన్నా నుంచి, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చినవి, దాదాపు అన్నీ తెల్ల చర్మమే. పైగా డెర్మటోస్కోప్ (చర్మాన్ని పెద్దదిగా చూపే లైటున్న భూతద్దం) ఆనించి పెద్దవి చేసి తీసినవి. మీ ఫోను ఫొటో లాంటిది అది ఎన్నడూ చూడలేదు. ఆ ఏడు తప్ప ఇంకో రకం ఉందనే దానికి తెలియదు. ఆనెకాయ చూపించినా, కుష్ఠు మచ్చ చూపించినా ఆ ఏడింట్లో ఒక పేరే చెబుతుంది. 97 శాతం అంటే ఆ ఏడింటి మధ్య వాటా, అంతే.

మా ఓపీలో కనిపించే చర్మ క్యాన్సర్లు వేరు. ముఖం మీద నెలల తరబడి మానని పుండు. ఎప్పుడో కాలిన మచ్చలో ఏళ్ల తర్వాత లేచే పుండు. లంగా బొందు ఒరుసుకుని నడుం మీద నల్లబడి, చివరికి పుండయ్యే చోటు. దానికి వైద్య పత్రికల్లో 'శారీ క్యాన్సర్' అనే పేరే ఉంది. ఇలాంటి పుండ్లలో తరచూ తేలేది స్క్వేమస్ సెల్ క్యాన్సర్, అంటే చర్మం పైపొర కణాల క్యాన్సర్. లోపలికి పాకిన ఆ రకం మీ ఏడు రకాల్లో లేనే లేదు.

బ్రిస్బేన్ నర్సు:
ఇక్కడ మా క్లినిక్‌లో అనుమానం వచ్చిన మచ్చ చుట్టూ పెన్నుతో గీస్తాం. ఆ ఊదా రంగు గీత కనబడితే మామూలు పుట్టుమచ్చలను కూడా ఒక మోడల్ చాలాసార్లు మెలనోమా అందని జర్మనీ పరిశోధకులు 2019లో చూపించారు. శిబిరంలో వాలంటీర్లు కూడా గీతలు గీస్తారు, చూసుకోండి.

కాకినాడ ఫైనలియర్:
నాయనమ్మను సోమవారం తీసుకెళ్తున్నాం. మచ్చ ఐడీతో విడదీస్తే 90 కాస్తా 81 అయింది. కానీ డాక్టరుగారూ, 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ల మోడల్ 21 మంది చర్మవైద్యులతో సమానంగా చెప్పింది కదా?

చర్మం ఓపీ:
చెప్పింది, 1,29,450 చిత్రాలు చదివి. అదే విశ్వవిద్యాలయం వాళ్లు 2022లో అన్ని రంగుల చర్మాలతో, ముక్క పరీక్షలో (బయాప్సీలో) జబ్బేదో తేలిన 656 చిత్రాలు సేకరించి, అప్పటికి పేరున్న మోడళ్లకు చూపించారు. నల్ల చర్మం దగ్గర అవి తడబడ్డాయి. ఆ చిత్రాలనే కొన్ని నేర్పితే తేడా చాలావరకు పోయింది. కాబట్టి పని మానేయమనడం లేదు. శిబిరంలో మోడల్ చేత జవాబు చెప్పించకండి. చెప్పులు విప్పించి రెండు అరికాళ్లూ, గోళ్లూ చూడండి, మానని పుండు ఏదైనా ఉందా అడగండి, అనుమానం ఉంటే చీటీ రాసి ఆసుపత్రికి పంపండి. ఫొటోలు తీయాలంటే ముందు కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి, తర్వాత ప్రతి మనిషి సంతకం. ముక్క పరీక్ష ఫలితం వచ్చేదాకా ఏ ఫొటోకూ పేరు పెట్టకండి.